కార్ల కంపెనీ ఏ సెగ్మెంట్‌లోకి, అంటే ఏ రకం కార్ల మార్కెట్‌లోకి దిగాలో, లగ్జరీ కారు చెయ్యాలో వద్దో ఎలా తేల్చుకుంటుంది?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. మంచి ఇంజినీర్లు, ఫ్యాక్టరీలు, డబ్బు అన్నీ ఉన్న కంపెనీలు కూడా లగ్జరీ కార్ల జోలికి ఎందుకు వెళ్లవు, వెళ్లినవాటిలో కొన్నే ఎందుకు నిలబడతాయి అన్నది మొదటిది. పెద్ద సెడాన్లు పక్కకు పోయి అందరూ ఎస్‌యూవీల వెంట ఎందుకు పడుతున్నారు అన్నది రెండోది. ఇరవై ఏళ్లకు పైగా ప్రొడక్ట్ ప్లానింగ్‌లో, అంటే ఏ కారు చెయ్యాలో తేల్చే విభాగంలో, పనిచేశాను కాబట్టి లోపల ఏం జరుగుతుందో కాస్త వివరంగా రాస్తాను.

బయటినుంచి చూస్తే ఇదంతా సర్వేలతో నడుస్తుందనిపిస్తుంది. జనాన్ని ఏం కావాలని అడుగుతారు, ఎక్కువమంది చెప్పింది తయారుచేస్తారు అని. మా టేబుల్ మీదకు ముందు వచ్చే కాగితం అది కాదు. మన కారు అమ్మేసి వెళ్లిపోయినవాళ్లు ఆ తర్వాత ఏ కారు కొన్నారన్న లెక్క ముందు వస్తుంది. పక్క షోరూమ్ నుంచి కొత్త కస్టమర్‌ను లాక్కురావడం కంటే, పదేళ్లుగా మన కారు నడుపుతున్న మనిషిని నిలుపుకోవడం చాలా చవక. ఆ కాగితంలో జనమంతా ఒకే వైపు పోతున్నట్టు కనిపిస్తే, అటువైపు మనకూ ఒక కారు ఉండాలన్న మాట అక్కడ మొదలవుతుంది.

దీనికి టొయోటా వాళ్ల లగ్జరీ కార్ల పేరు లెక్సస్ కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. 1980ల మొదట్లో అమెరికాలో టొయోటా చిన్న కార్లు బాగా అమ్ముడయ్యేవి. వాటిని కొన్న కుర్రాళ్లకు వయసు పెరిగింది, జీతం పెరిగింది. తర్వాతి కారు కొనే రోజు వచ్చేసరికి టొయోటా షోరూమ్‌లో వాళ్ల స్థాయికి తగింది లేదు. మెర్సిడెస్ దగ్గరకో, బీఎండబ్ల్యూ దగ్గరకో వెళ్లిపోయేవారు. దానికి తోడు 1981 నుంచి జపాన్ కార్ల ఎగుమతికి ఒక పరిమితి వచ్చింది. జపాన్ కంపెనీలన్నీ కలిపి అమెరికాకు ఏడాదికి 16.8 లక్షల కార్లకు మించి పంపకూడదు. పంపే కార్ల సంఖ్య పెరగనప్పుడు ఒక్కో కారు మీద వచ్చే లాభమే పెరగాలి. వెళ్లిపోతున్న కస్టమర్ ఒకవైపు, సంఖ్య మీద పడ్డ పరిమితి ఇంకోవైపు. ఈ రెండూ కలిసినప్పుడు, 1983లో, ప్రపంచంలోని అత్యుత్తమ కార్లకు దీటైన కారు మనం చెయ్యగలమా అని టొయోటా చైర్మన్ ఎయిజి టొయోడా తన వాళ్లను అడిగారు. అలా పుట్టిన లెక్సస్ కారు ఎల్ఎస్ 400 బయటికి వచ్చింది 1989లో. ఈలోపు 1986లోనే హోండా అక్యూరా పేరుతో అదే బాట పట్టింది.

ఈ కథలో నాకు ఎక్కువ నచ్చేది ఎల్ఎస్ కాదు, దాని పక్కన పెట్టిన ఇంకో కారు. ఈఎస్ 250 అని, టొయోటా మామూలు కారు క్యామ్రీ మీద కట్టింది. అంత గొప్ప కారును విడుదల చేస్తూ పక్కన దాన్ని ఎందుకు పెట్టారు? డీలర్ కోసం. కొత్త పేరుతో షోరూమ్ కట్టి, మనుషుల్ని పెట్టుకుని, సర్వీస్ సెంటర్ నడిపే డీలర్ ఒక్క ఖరీదైన కారు మీద బతకలేడు. రోజూ లోపలికి వచ్చేవాళ్లకు చూపించడానికి ఇంకో ధరలో ఇంకో కారు ఉండాలి. బయటివాళ్లు ఒక మోడల్ గురించి అడుగుతారు. లోపల ఏ మోడల్ గురించీ విడిగా మాట్లాడుకోం. దాని కింద ఏముంది, పైన ఏముంది, ఆ షోరూమ్ నెల ఖర్చులు గడుస్తాయా అన్నదే మా మాట.

ఎల్ఎస్ 400 మొదటి ధర అమెరికాలో సుమారు 35,000 డాలర్లు. పోటీగా ఉన్న జర్మన్ కార్ల కంటే బాగా తక్కువ. ఏం చేసినా ఇంతకు మించి ఇవ్వరని కంపెనీకి తెలుసు. ఎందుకంటే ఆ పేరు ఎవరికీ తెలియదు. పేరు లేని కారుకు నాణ్యత వల్ల వచ్చేది కస్టమర్ నమ్మకం. పేరున్న కారుకే ఆ నమ్మకంతో పాటు అదనపు ధర కూడా వస్తుంది. ఆ పేరు సంపాదించుకునే అవకాశం వాళ్లకు తొందరగానే, అదీ ఒక లోపం రూపంలో వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో ఎల్ఎస్‌ను రీకాల్ చెయ్యాల్సి వచ్చింది. సుమారు 8,000 కార్లు. డీలర్లు ఇళ్లకు వెళ్లి కార్లు తెచ్చుకుని, బాగుచేసి, కడిగి, ట్యాంకు నింపి తిరిగి అప్పగించారు. ఆ ఖర్చుకు వచ్చినంత పేరు ఏ ప్రకటనకూ రాలేదని మా రంగంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంకో సంగతి, ఇదే కారును జపాన్‌లో టొయోటా సెల్సియర్ పేరుతోనే అమ్మేవారు. లెక్సస్ పేరు సొంత దేశానికి వచ్చింది 2005లో. కొత్త పేరు పెట్టుకునేది గొప్ప కోసం కాదు, పాత పేరు ఆ ధరను మొయ్యలేని చోట మాత్రమే అని దీన్నిబట్టి తెలుస్తుంది.

పేరు ధరను మొయ్యడం అన్నాను కదా, దాన్ని మేం ఎలా కొలుస్తామో చెప్తాను. దీన్ని మేం క్లినిక్ అంటాం. కిటికీలు లేని ఒక పెద్ద హాలు. నాలుగు కార్లు పక్కపక్కన. మా నమూనా ఒకటి, మూడు పోటీ కార్లు. అన్నిటి మీదా పేరు, గుర్తు కనిపించకుండా బూడిదరంగు టేపు. స్టీరింగ్ మధ్యలో గుర్తు మీద కూడా. ఆ ధరలో కార్లు కొనే మనుషుల్ని పిలిచి ఎక్కి కూర్చోమంటాం, తలుపులు వేసి చూడమంటాం, ప్రతి కారుకూ ఎంత ఇవ్వొచ్చో రాయమంటాం. తర్వాత టేపు తీసేసి మళ్లీ రాయమంటాం.

నేను పాల్గొన్న ఒక క్లినిక్‌లో యాభై ఏళ్ల పెద్దమనిషి ఒకాయన మా కారు వెనక సీట్లో చాలాసేపు కూర్చున్నారు. ఆర్మ్‌రెస్ట్ దించి, ఎత్తి, మళ్లీ దించారు. లోపల కుట్టు మీద వేలు పెట్టి చివరిదాకా రాశారు. టేపు ఉన్నంతసేపూ నాలుగింటిలో మా కారుకే ఎక్కువ రాశారు. టేపు తీశాక పేరు చూసి ఆయన పెన్ను ఆగింది. రాసిన అంకె కొట్టేసి, కింద ఇంకోటి రాశారు. పక్క కారు దగ్గర, ఆయనకు అంతగా నచ్చని దాని దగ్గర, అంకె పెంచారు. ఆ రోజు దాదాపు అందరూ అదే చేశారు. ఆ కారంటే నాకు ప్రాణం, మూడేళ్లు దాని మీద పనిచేశాను. ఆ రెండు అంకెల మధ్య తేడా చూశాక ప్రాజెక్టు ఆపేయాలని నేను కూడా సంతకం పెట్టాను. పేరు వల్ల తగ్గే ఆ మొత్తం, ఒక్కో కారు మీద మేం వేసుకున్న లాభం కంటే ఎక్కువ. ఎన్ని అమ్మితే అంత నష్టం.

అదే తేడా ఇంకో రూపంలో పాత కార్ల మార్కెట్‌లో కనిపిస్తుంది. ఖరీదైన కార్లను చాలా దేశాల్లో నేరుగా కొనేవాళ్ల కంటే లీజుకు తీసుకునేవాళ్లు ఎక్కువ. లీజులో కస్టమర్ కట్టేది కారు ధర కాదు, మూడేళ్లలో ఆ ధర ఎంత పడుతుందో అంత, దాని మీద వడ్డీ. రెండు కార్లూ కొత్తలో 100 అనుకోండి. మూడేళ్ల తర్వాత ఒకటి 55కు పోతుంది, ఇంకోటి 40కి పోతుంది. మొదటి కారు నడిపినవాడు 45 కడితే, రెండోదాని మనిషి 60 కట్టాలి. షోరూమ్‌లో ధర ఒకటే, వడ్డీ పక్కన పెడితే నెలనెలా కట్టేది మాత్రం మూడో వంతు ఎక్కువ. రీసేల్ విలువ నిలవని కంపెనీ లగ్జరీలోకి దిగితే ఈ తేడాను డిస్కౌంట్ల రూపంలో తనే భరించాలి. డిస్కౌంట్ ఇచ్చినకొద్దీ పాత కారు ధర ఇంకా పడుతుంది. ఈ సుడిలో పడ్డ మోడల్ మళ్లీ పైకి తేలడం చాలా కష్టం.

ఫోక్స్‌వాగన్ ఫేటన్ సంగతి ఇక్కడే చెప్పాలి. 2002లో వచ్చింది. ఫోక్స్‌వాగన్ అధినేత ఫెర్డినాండ్ పీయెష్ పట్టుబట్టి చేయించిన పెద్ద సెడాన్. దాన్ని బిగించడానికి ద్రెస్డెన్ నగరంలో అద్దాల గోడలతో ప్రత్యేకంగా ఫ్యాక్టరీ కట్టారు. కారులో వేలుపెట్టి చూపించదగ్గ పెద్ద లోపం ఏదీ నాకు కనబడలేదు. అయినా 2006లో అమెరికా నుంచి తప్పుకుంది, 2016లో పూర్తిగా ఆగిపోయింది. అదే కంపెనీ, ఫేటన్ ప్లాట్‌ఫామ్‌నే, అంటే దాని కింది నిర్మాణాన్నే వాడి, తన చేతిలో ఉన్న బెంట్లీ పేరుతో 2003లో కాంటినెంటల్ జీటీ తెచ్చింది. అది బెంట్లీని నిలబెట్టింది. కింద ఎముకలు ఒకటే, ముక్కు మీద పేరు వేరు. క్లినిక్‌లో ఆ పెద్దమనిషి కొట్టేసిన అంకెకు, ఈ రెండు కార్ల కథకు తేడా ఏమీ లేదు.

దాదాపు అదే సమయంలో ఫోక్స్‌వాగన్ నుంచే టువారెగ్ అనే పెద్ద ఎస్‌యూవీ వచ్చింది. అదీ ఖరీదైనదే, అదే పేరుతోనే. జనం దాన్ని బాగానే తీసుకున్నారు. మరి ఫేటన్‌కు అడ్డొచ్చిన పేరు దీనికి ఎందుకు అడ్డు రాలేదు? నా అనుభవంలో తేలింది ఇది. పెద్ద సెడాన్‌లో ఎవరి స్థానం ఎక్కడో దశాబ్దాల క్రితమే ఖాయమైపోయింది. ఆఫీసు ముందు ఆగిన కారును చూసి దిగేవాడి హోదా లెక్కేసే అలవాటు అందరికీ ఉంది. ఖరీదైన ఎస్‌యూవీలో ఆ వరస అప్పటికింకా తేలలేదు. 1970లో వచ్చిన మొదటి రేంజ్ రోవర్‌లో సీట్లు వినైల్, కింద నీళ్లతో కడుక్కునే రబ్బరు మ్యాట్లు. అది పొలం మీదకు పోయే కారు నుంచి హోటల్ గుమ్మం ముందు ఆగే కారుగా మారడానికి ఏళ్లు పట్టింది. 1998లో క్యామ్రీ కుటుంబం ప్లాట్‌ఫామ్ మీదే లెక్సస్ ఆర్ఎక్స్ 300 చేసినప్పుడు, కారులా నడిచే మెత్తని ఎస్‌యూవీకి ఎవరు పెద్ద అన్నది ఎవరూ నిర్ణయించలేదు. వరస తేలని చోట కొత్త పేరుకు చోటుంటుంది. కంపెనీలు వెతికేది అలాంటి చోటునే.

పోర్షే ఎస్‌యూవీ కయెన్ కూడా అలా పుట్టిందే. 1990ల మొదట్లో పోర్షే మూతపడే పరిస్థితి దాకా వెళ్లింది. 1996లో బాక్‌స్టర్ అనే స్పోర్ట్స్ కారు వచ్చి ఊపిరి పోసింది. ఆ తర్వాత వాళ్లు చూసింది సొంత కస్టమర్ ఇంటి గ్యారేజీని. పోర్షే స్పోర్ట్స్ కారు 911 పక్కన కుటుంబం కోసం పెట్టుకున్న రెండో కారు ఏ కంపెనీది? ఎక్కువగా వేరే కంపెనీల ఎస్‌యూవీలు. ఆ డబ్బు మన ఇంటికి ఎందుకు రాకూడదు అన్నదే మొత్తం ఆలోచన. ఒంటరిగా ఆ ఖర్చు పెట్టుకునే స్తోమత లేక టువారెగ్‌తో కలిసి ప్లాట్‌ఫామ్ చేసుకున్నారు. బాడీలు బ్రాటిస్లావాలోని ఫోక్స్‌వాగన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చేవి, చివరి బిగింపు లైప్‌జిగ్‌లో. 2002లో విడుదలైనప్పుడు పాత అభిమానులు చాలామంది బాధపడ్డారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ తర్వాత 911 మీద పెట్టగలిగిన ఖర్చు చాలావరకు ఆ ఎస్‌యూవీ సంపాదించి పెట్టిందే.

ప్లాట్‌ఫామ్ అన్న మాట పదేపదే వస్తోంది కాబట్టి అందులో ఏది మారుతుంది, ఏది మారదు అన్నది చెప్పాలి. లగ్జరీ కారు చెయ్యలేని చాలా కంపెనీలకు అసలు అడ్డంకి ఇక్కడే. వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, పెంచొచ్చు, సీట్లు మార్చొచ్చు, పైన రేకు అంతా కొత్తగా గీయొచ్చు. ముందు చక్రం మధ్య నుంచి డ్రైవర్ పెడళ్ల దాకా ఉండే దూరాన్ని మార్చడం మాత్రం మహా ఖర్చు. అక్కడ ఇంజిన్, గేర్‌బాక్స్, స్టీరింగ్, గుద్దుకున్నప్పుడు దెబ్బను ఆపే కమ్మీలు అన్నీ ముడిపడి ఉంటాయి. మామూలు కార్లలో ఇంజిన్ అడ్డంగా ఉండి ముందు చక్రాలను తిప్పుతుంది, ఆ దూరం తక్కువ. ఇంజిన్ కారు పొడవునా ఉండి వెనక చక్రాలను తిప్పే కారులో ఆ దూరం ఎక్కువ. రోడ్డు మీద ఒక కారును పక్కనుంచి చూసి ఎందుకో తెలియకుండానే ఇది ఖరీదైనది అనుకుంటాం చూడండి, ఆ భావం ఎక్కువగా ముందు చక్రానికీ తలుపుకూ మధ్య ఉన్న ఆ ఖాళీ నుంచే వస్తుంది. చిన్న కారు ప్లాట్‌ఫామ్ ఒక్కటే ఉన్న కంపెనీ ఎంత తోలు కప్పినా దాన్ని తేలేదు. కొత్త ప్లాట్‌ఫామ్ చెయ్యాలంటే ఒక్క మోడల్ సరిపోదు, దాని మీద కనీసం మూడు నాలుగు కార్లు నిలబడాలి. అప్పుడు బోర్డు అడిగే ప్రశ్న మారిపోతుంది. ఈ కారు బాగుందా అని కాదు, మిగతా మూడూ ఏవి అని అడుగుతారు.

ఆ పని తప్పించుకుందామని కిందనుంచి తెచ్చి పైన పేరు పెట్టినవాళ్లు చేతులు కాల్చుకున్నారు. జనరల్ మోటర్స్ తన లగ్జరీ పేరు కాడిలాక్ కింద సిమరాన్‌ను 1982 మోడల్‌గా తెచ్చింది. షెవర్లే కావలియర్‌తో కలిసి పంచుకున్న చిన్న కారు అది. 2001లో ఫోర్డ్ చేతిలో ఉన్న జాగ్వార్, ఫోర్డ్ మామూలు కారు మోండియో మూలాల మీద ఎక్స్-టైప్ చేసింది. ప్లాట్‌ఫామ్ పంచుకోవడం తప్పు కాదు, బెంట్లీ చేసిందీ అదే. పంచుకున్నదాన్ని కస్టమర్ తన చేత్తో ముట్టుకునే చోట, కంటికి కనిపించే చోట వదిలెయ్యడం తప్పు. కిందికి దిగినా పరువు పోగొట్టుకోని ఉదాహరణ మెర్సిడెస్ 190. 1982లో వచ్చిన ఆ చిన్న కారును అరువు సామానుతో కాకుండా తమ కొలతల ప్రకారమే మొదటినుంచీ కట్టారు.

చట్టాలు, ఆయా దేశాల అలవాట్లు కూడా సెగ్మెంట్లను పుట్టిస్తాయి. జపాన్‌లో 660 సీసీ ఇంజిన్, 3.4 మీటర్ల పొడవు హద్దులోపల ‘కే’ అనే బుల్లి కార్ల ప్రపంచమే ఉంది. చైనాలో వెనక సీట్లో కూర్చునే యజమాని కోసం జర్మన్ కంపెనీలు పొడవు పెంచిన సెడాన్లు ప్రత్యేకంగా చేస్తాయి. 2011లో ఖరీదైన స్పోర్ట్స్ కార్లు చేసే ఆస్టన్ మార్టిన్ లాంటి కంపెనీ టొయోటా చిన్న కారు ఐక్యూ మీద సిగ్నెట్ అనే బుల్లి కారు అమ్మడానికి ఒక పెద్ద కారణం యూరప్‌లో కంపెనీ సగటు కాలుష్యం మీద వచ్చిన నియమాలు. కొనేవాళ్లు రాక 2013లోనే ఆపేశారు.

అన్నిటికంటే పైమెట్టు సంగతి వేరు. అక్కడ సంఖ్యలు చాలా చిన్నవి, తప్పులు చాలా పెద్దవి. 1998లో రోల్స్‌రాయిస్, బెంట్లీ అమ్మకానికి వచ్చాయి. ఫోక్స్‌వాగన్ 43 కోట్ల పౌండ్లు పెట్టి ఫ్యాక్టరీని, బెంట్లీని దక్కించుకుంది. రోల్స్‌రాయిస్ పేరు వాడుకునే హక్కు మాత్రం విమాన ఇంజిన్ల కంపెనీ చేతిలో ఉండిపోవడంతో బీఎండబ్ల్యూ 4 కోట్ల పౌండ్లకు దాన్ని తీసుకుంది. 2003లో కొత్త ఫాంటమ్ తెచ్చింది. మెర్సిడెస్ వాళ్లు తమ పాత పేరు మేబాక్‌ను లేపి 2002లో 57, 62 మోడళ్లు తెచ్చారు. పదేళ్లలో అమ్మింది సుమారు 3,000. 2012లో మూసేశారు. కొన్నాళ్లకు అదే పేరును తమ పెద్ద సెడాన్ ఎస్-క్లాస్‌కు తగిలించి, వీల్‌బేస్ పెంచి, వెనక సీట్ల మీద శ్రద్ధపెట్టి తెస్తే ఎన్నో రెట్లు ఎక్కువ అమ్ముడయ్యింది. జనం మరిచిపోయిన పేరుకు విడిగా గుడి కట్టడం కంటే, వాళ్లు ఎప్పటినుంచో నమ్ముతున్న ఎస్-క్లాస్‌కు ఇంకో అంతస్తు వెయ్యడం గిట్టుబాటు అయ్యింది.

నష్టం వచ్చినా పైకారును వదలని కంపెనీలు ఉండటానికి ఇంకో కారణం కొత్త టెక్నాలజీ. మొదట్లో ఖరీదెక్కువ ఉండే ఏ వస్తువైనా ధర ఎక్కువున్న కారులోనే ఇముడుతుంది. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ 1978లో ఎస్-క్లాస్‌లో వచ్చాకే కింది కార్లకు దిగింది. టెస్లా పైనుంచి మొదలుపెట్టిందీ అందుకే. 2008లో రోడ్‌స్టర్, 2012లో మోడల్ ఎస్, 2017లో మోడల్ 3. బ్యాటరీ ధర ఎంత తగ్గితే అంత కిందికి దిగారు.

ఇక మీ రెండో ప్రశ్న. ఎత్తుగా కూర్చోవడం, ఎక్కి దిగడం సులువు అవడం కొనేవాళ్ల కారణాలు. కంపెనీ కారణం ఏమిటంటే, అదే ప్లాట్‌ఫామ్ మీద అదే పొడవులో ఎస్‌యూవీ చేస్తే ఖర్చు పెరిగేది కొంచెమే, ధర పెరిగేది ఎక్కువ. సెడాన్‌లో ఖాయమైపోయిన వరస గొడవ కూడా అక్కడ తక్కువ. అందుకే 2015లో బెంట్లీ బెంటేగా, ఆ తర్వాత లంబోర్ఘిని ఉరుస్, 2018లో రోల్స్‌రాయిస్ కలినన్, 2020లో ఆస్టన్ మార్టిన్ డీబీఎక్స్ వరసగా వచ్చాయి. ఇంకోవైపు 2022లో మెర్సిడెస్ తన కింది మెట్టు కార్లలో బాడీ రకాలను 7 నుంచి 4కు తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. ఉన్న పెట్టుబడిని లాభం ఎక్కువున్న పెద్ద కార్లకు మళ్లించడం దాని ఉద్దేశం.

చివరికి ఫెరారీ కూడా 2022లో నాలుగు తలుపుల పురోసాంగ్వే తెచ్చింది. దాన్ని ఎస్‌యూవీ అనడానికి వాళ్లు ఒప్పుకోరు. మొత్తం తయారీలో దాని వాటా 20 శాతం దాటనివ్వమని ముందే చెప్పారు. ఎక్కువ చేసినా కొనేవాళ్లు ఉన్నారు, ఆ సంగతి వాళ్లకూ తెలుసు. అయినా కొనేవాళ్లను క్యూలో నిలబెట్టారు. మూడేళ్ల తర్వాత పాత కార్ల మార్కెట్‌లో ఆ కారు ఎంత పలుకుతుందో, దాని పక్కన నిలబడ్డ మిగతా ఫెరారీలు ఎంత పలుకుతాయో వాళ్లు చూసుకునే లెక్క అది.